కోమాలో ఉన్న భర్త ఆస్తి, మైనరు కొడుకు స్థలం: సంతకం చేసే హక్కు ఎవరిది?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

అందరికీ నమస్కారం. మెదడులో రక్తస్రావం జరిగి నా భర్త ఐదు నెలలుగా స్పృహలో లేరు; ఇంట్లోనే గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నాము. ఇల్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఆయన ఒక్కరి పేరునే ఉన్నాయి. రెండేళ్ల కిందట ఆయన నాకు రిజిస్టరు చేసి ఇచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇప్పుడు చెల్లదని బ్యాంకువారు అంటున్నారు. మా మామగారు మా పద్నాలుగేళ్ల అబ్బాయికి గిఫ్టు రాసిన స్థలం తెనాలి దగ్గర ఉంది. తల్లిగా నేను సంతకం పెడితే దాన్ని అమ్మేయవచ్చని ఒక మధ్యవర్తి తొందర పెడుతున్నాడు. కలెక్టరు గారికి అర్జీ పెడితే గార్డియన్ సర్టిఫికెట్ వస్తుందని మరొకరు చెప్పారు. ఏది సరైన దారో దయచేసి చెప్పగలరు.

జవాబు (గుంటూరు, న్యాయవాది)

అమ్మా, ముందుగా ఒక మాట: ఆ స్థలం మీద అడ్వాన్సు తీసుకోకండి. తండ్రి ఈ స్థితిలో ఉన్నప్పుడు తల్లే సహజ సంరక్షకురాలు. 1999లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత అందులో సందేహానికి తావు లేదు. అయితే 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, సహజ సంరక్షకులైనా సరే మైనరు స్థిరాస్తిని కోర్టు ముందస్తు అనుమతి లేకుండా అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు, ఐదేళ్లు మించి లీజుకు ఇవ్వకూడదు. అనుమతి లేని అమ్మకాన్ని మీ అబ్బాయి పద్దెనిమిదేళ్లు నిండాక మూడేళ్లలోపు దావా వేసి రద్దు చేయించుకోగలడు. ఈ సంగతి తెలిసిన కొనుగోలుదారు ధర తెగ్గోసి అడుగుతాడు. అనుమతికి వెళ్లినా జిల్లా కోర్టు చూసేది ఆ పిల్లవాడి అవసరం, స్పష్టమైన మేలు మాత్రమే. ఒకవేళ అనుమతి వచ్చినా డబ్బును వాడి పేరున డిపాజిట్ చేయమనవచ్చు. తండ్రి వైద్యానికి ముందుగా తండ్రి డబ్బు వాడుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

పవర్ విషయంలో బ్యాంకువారిని తప్పు పట్టలేము. ఇచ్చినవారి మతిస్థిమితం పోతే ఏజెన్సీ, అంటే వారి తరఫున వ్యవహరించే అధికారం, ముగుస్తుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతుంది; రిజిస్టరు చేసినంత మాత్రాన అది నిలవదు. కోమాలో ఉన్నవారి ఆస్తికి సంరక్షకులను నియమించడానికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని నామినేటెడ్ ప్రతినిధికి చికిత్స నిర్ణయాలలోనే పాత్ర ఉంటుంది, ఆస్తిలో ఉండదు. అందువల్ల మీరు నేలపాడులోని హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ పిటిషన్ వేయాలి. కేరళ హైకోర్టు 2019లో ఇటువంటి కేసులకు మార్గదర్శకాలు ఇచ్చింది: న్యూరాలజిస్టు ఉన్న మెడికల్ బోర్డు పరీక్ష, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి విచారణ, ఆరు నెలలకోసారి కోర్టుకు నివేదిక. అది మన హైకోర్టు తప్పక పాటించవలసిన తీర్పు కాకపోయినా, పిటిషన్ ఆ పద్ధతిలో సిద్ధం చేస్తే పని సులువవుతుంది. డిశ్చార్జి సమ్మరీలు, బిల్లులు, ఆస్తి పత్రాలు, ప్రతి డిపాజిట్ నంబరూ జతచేయండి. మీ అత్తగారు ఉంటే ఆమె కూడా వారసురాలే కనుక సమ్మతి అఫిడవిట్టు తీసుకోండి. ముందు డిపాజిట్ల వరకే అడగండి. ఇంటి అమ్మకం కూడా కలిపితే విచారణకు ఎక్కువ కాలం పడుతుంది.

మరొకరి జవాబు (విజయవాడ)

కలెక్టరు గారి దారి మా కుటుంబం వెళ్లినదే కనుక చెబుతున్నాను. అది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఏర్పడే స్థానిక స్థాయి కమిటీ. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికే వర్తిస్తుంది. మా అబ్బాయికి మేధో వైకల్యం ఉంది. వాడికి పద్దెనిమిది నిండాక కూడా కన్నవాళ్లమే కదా అని ఊరుకున్నాము. వాడి పేరున ఉన్న డబ్బు తీయవలసి వచ్చినప్పుడు గాని మా సంతకం చెల్లదని తెలియలేదు. నియామకం అయిన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు సమర్పించాలి. మీ వారి స్థితికి ఇది వర్తించదమ్మా.

ప్రశ్న అడిగినవారు

మధ్యవర్తికి ఈ రోజే వద్దని చెప్పేశాను. ఉత్తర్వు వచ్చేలోపు నా నగలు కుదువపెట్టి ఖర్చు పెడితే, ఆ మొత్తాన్ని తరువాత ఆయన డిపాజిట్ల నుంచి తీసుకోవచ్చా?

జవాబు (గుంటూరు, న్యాయవాది)

ఆ కోరికను కూడా పిటిషన్‌లోనే రాయించండి. కుదువ రశీదు, మందుల బిల్లులు, ఆయాకు ఇచ్చే జీతం తేదీలవారీగా ఒక పుస్తకంలో నేటి నుంచే రాసిపెట్టండి. రేపు కోర్టు అడిగే లెక్క అదే.