కాన్పుకు ముందు పనిమనిషా, ఆయానా?

ప్రశ్న (నెల్లూరు, వేదాయపాళెం):
నాకిప్పుడు ఏడో నెల. మార్చిలో కాన్పు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ రోజులు ఉండలేనంటోంది. అత్తగారు ఉదయగిరిలో మామయ్యను వదిలి రాలేరు. ప్రైవేటు కంపెనీలో చేస్తున్నాను, సెలవయ్యాక మళ్ళీ చేరాలి. ఇప్పుడే ఒక ఆయాను మాట్లాడదామంటున్నారు మావారు. ఇంటిపనికీ బిడ్డకూ ఒకరే సరిపోతారా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు నుంచి:
ముందు ఇంటిపనికి మనిషిని చూసుకో తల్లీ, ఆయా సంగతి తర్వాత. మొదటి నెలల్లో బిడ్డ నీ పక్కలోనే ఉంటుంది, రెండు మూడు గంటలకోసారి పాలు నువ్వే ఇవ్వాలి. ఆయా బిడ్డను ఎత్తుకుని కూర్చుంటే పచ్చి బాలింతవు నువ్వు లేచి అంట్లు తోముకోవాలా? నీకు కావాల్సింది వేళకు వేడన్నం, ఉతికిన గుడ్డలు, కాస్త నిద్ర.

ఎనిమిదో నెలలోనే పనిలో పెట్టుకుంటే నువ్వు ఆస్పత్రికి పోయే నాటికి ఇల్లు అలవాటవుతుంది. అంట్లు, ఊడ్చి తుడవడం, గుడ్డలు, వంట దేనికదే విడిగా మాట్లాడుకో. బిడ్డ గుడ్డలు, పురిటి గుడ్డలు కూడా ఉతకాలని అప్పుడే చెప్పెయ్. తర్వాత చెబితే "ముందు అనలేదు కదమ్మా" అంటారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మార్చి, ఏప్రిల్ మీవైపు వరికోతల రోజులు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్ళు నాగాలు పెట్టొచ్చు, మీ వీధికి దగ్గర్లో ఉండే మనిషైతే మేలు. మధ్యలో నువ్వు పుట్టింటికి పోయినా జీతం ఆపకు. ఆపితే ఆమె ఇంకో ఇల్లు చూసుకోక ఏం చేస్తుంది? 18 నుంచి 70 ఏళ్ళ లోపు మనిషై, బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్ళకు రెండు లక్షలు వస్తాయి.

ఇక ఆయా. చట్టప్రకారం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు జీతంతో సెలవు. కాన్పుకు ముందు అందులో 8 వారాలకు మించి వాడకూడదు. నువ్వు 4 వారాలు ముందు తీసుకుంటే కాన్పయ్యాక 22 మిగులుతాయి, అంటే ఐదు నెలలు. బిడ్డకు నాలుగో నెల నిండగానే ఆయాను పెట్టుకుంటే ఓ నెల నీ కళ్ళముందే చేస్తుంది, ఎలాంటిదో నీకే తెలుస్తుంది. మీ కంపెనీలో 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే పిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలి, రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోనివ్వాలి. హెచ్ఆర్ వాళ్ళను అడుగు.

కావలి నుంచి, నర్సుని:
చెల్లీ, ఆయా అయినా వంటమనిషి అయినా రెండు వారాలకు మించి దగ్గుంటే కళ్ళె పరీక్ష చేయించాకే ఇంట్లోకి రానివ్వండి. ప్రభుత్వాస్పత్రిలో ఉచితమే. పసిపిల్లలకు టీబీ సోకితే మెదడు దాకా పోవచ్చు. కోరింత దగ్గు టీకా బిడ్డకు ఆరో వారంలో గానీ మొదలవదు, అందుకే కడుపుతో ఉన్నప్పుడే తల్లి వేసుకునే టీకా గురించి మీ డాక్టరమ్మను ఇప్పుడే అడగండి.

ఆయాకు మొదటిరోజే గట్టిగా చెప్పండి: ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడగాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆరు నెలల దాకా చుక్క నీళ్ళు కూడా పట్టకూడదు, ఏడాది దాకా తేనె నాకించకూడదు. ముక్కులో, చెవుల్లో నూనె పోయడం, గది మూసి సాంబ్రాణి పొగ వేయడం వద్దు. పెద్దవాళ్ళు ఎవరన్నా నొచ్చుకున్నా సరే.

వేదాయపాళెం:
చాలా థాంక్స్ అక్కా. ఇంకొకటి. మా వీధిలో ఒకావిడ తన పన్నెండేళ్ళ కూతుర్ని బిడ్డను ఆడించడానికి పంపుతానంటోంది. డబ్బుకు ఇబ్బందిగా ఉందట. ఒప్పుకోవచ్చా?

ఒంగోలు:
వద్దు తల్లీ. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఇంటిపనిలో పెట్టుకోవడం 2006 నుంచే నిషేధం. ఆ పిల్ల బడిలో ఉండాలి, నీ బిడ్డ కూడా ఇంకో బిడ్డ చేతిలో పెట్టదగ్గ వయసులో ఉండదు. ఇబ్బంది నిజమైతే ఆ తల్లినే పనికి రమ్మను. మీ వీధి మనిషే కదా, ఎనిమిదో నెల నుంచే మాట్లాడుకో.