తుంబురు తీర్థానికి ముక్కోటినాడు తప్ప దారి తెరవకూడదా?

కోనబాట:
తిరుమలలో పాపవినాశనం దాటాక సుమారు ఏడు కిలోమీటర్లు కొండల్లో నడిస్తే వచ్చే తుంబురు తీర్థానికి, ఉత్తరఫల్గుణి నక్షత్రం కలిసిన పౌర్ణమినాడు జరిగే ముక్కోటి స్నానానికి మాత్రమే జనాన్ని పంపిస్తున్నారు. ఆ పౌర్ణమి మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది. అప్పటికి శేషాచలంలో ఎండలు ముదిరి, ధార సన్నబడి ఉంటుంది. ఈ కొండలకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో పడతాయి కనుక జనవరిలో నీరూ ఉంటుంది, నడకా తేలికవుతుంది. ఆ నెలలో రోజుకు కొద్దిమందిని, స్థానికుల తోడుతో అనుమతించాలని నా అభిప్రాయం.

శేషాద్రివాసి:
అనుమతించకూడదు. మా అన్నగారి అబ్బాయి ఒక నగర ట్రెక్కింగ్ బృందంతో మే నెలలో మరో వైపునుంచి ఈ కోనలోకి వెళ్లాడు. మధ్యాహ్నానికి బండలు చేయి ఆనించలేనంతగా కాలిపోయాయి. వాడికి చెమట ఆగిపోయి, ఒళ్లు మండిపోతూ, అడిగినదానికి పొంతనలేని జవాబులు చెప్పసాగాడు. బృందాన్ని నడిపించేవాడు ముందు వెళ్లిపోయాడు. వెనకబడ్డ ఇద్దరు కుర్రవాళ్లు తువ్వాలు తడిపి మెడకూ చంకలకూ చుట్టి, సాయంత్రందాకా నీడలో కూర్చోబెట్టబట్టి బతికాడు. ఒక్కొక్కరి దగ్గర ఉన్నవి రెండు లీటర్ల నీళ్లు.

బిందెడునీళ్లు:
రెండు లీటర్లేమిటండీ? మే నెలలో అది పొద్దున తొమ్మిదికే అయిపోతుంది. నాలుగైనా ఉండాలి, ఉప్పు కలిపి.

కోనబాట:
అబ్బాయి కోలుకున్నందుకు సంతోషం. కానీ నేను అడిగింది జనవరి గురించి, మీరు చెప్పింది మే గురించి. పైగా వాళ్లు అనుమతి లేకుండా వెళ్లారు. దారి మూసినందువల్ల జనం ఆగలేదు, దొంగదారి పట్టారు.

శేషాద్రివాసి:
జనవరి అయితే ఏమిటి? 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, 2022 మే దాకా మూతపడింది. రాళ్లు పరిచి మెట్లు కట్టిన దారికే ఆ గతి పడితే, రెండు నిలువు కొండల మధ్య వాగులో నడిచే చోట ఏ రాయి ఎప్పుడు కదులుతుందో ఎవరు చెప్పగలరు? 2023లో అలిపిరి కాలినడక దారిలోనే చిరుత ఒక చిన్నారిని ఎత్తుకుపోయింది. అది కూడా మరిచిపోయారా?

కోనబాట:
మరిచిపోలేదు. ఆ తర్వాత అలిపిరి దారిని శాశ్వతంగా మూసివేశారా? పిల్లలకు వేళలు పెట్టి, గుంపులుగా పంపి, నడక కొనసాగించారు. నేను కోరుతున్నదీ అంతే. మీరు ఎండ అంటారు, జనవరి అంటే రాళ్లు అంటారు, ఆ వెంటనే చిరుత అంటారు. అసలు సంగతి మరేదో ఉన్నట్టుంది.

బిందెడునీళ్లు:
జనవరిలోనైనా మూడు లీటర్లకు తగ్గకూడదు.

శేషాద్రివాసి:
ఉన్నది, చెబుతాను. వాతావరణం ఎంత చల్లగా ఉన్నా నాకు అభ్యంతరమే. తుంబురుడు తపస్సు చేశాడని మా పెద్దలు నమ్మిన చోటు అది. ముక్కోటినాడు మా ఊరి ఆడవాళ్లు తాడు పట్టుకుని బండలు దిగి, ఆ నీళ్లలో మునిగి, గోవిందనామం చెప్పుకుంటూ తిరిగి వస్తారు. అదే మడుగులోకి పైనుంచి దూకి, వీడియో సరిగా రాలేదని మళ్లీ ఎక్కి దూకేవాళ్లను నేను కళ్లారా చూశాను. ఏటా ఒక్కసారి వెళ్లేవాళ్లకూ వారాంతపు కాలక్షేపానికి వచ్చేవాళ్లకూ ఒకే హక్కు అంటే నేను ఒప్పుకోను.

కోనబాట:
ఈ మాట మొదటే చెప్పవలసింది. ఇంతసేపూ వడదెబ్బ తగిలిన పిల్లవాణ్ని ముందు పెట్టి వాదించారు. నాకు దేవుడిమీద నమ్మకం తక్కువే, దాచను. అయినా ముక్కోటి మరునాడు ఆ దారిలో పడి ఉండే నీళ్ల సీసాలు, తడిబట్టలు ఎవరివో కూడా చెప్పండి. భక్తితో పారేసినా ప్లాస్టిక్ ప్లాస్టిక్కే.

కొండకింద:
మీ ఇద్దరికీ ఒక మాట. 1989లో ఇది జాతీయ ఉద్యానం అయింది. తేనెకూ దుంపలకూ ఈ కొండలెక్కిన యానాదులకే ఇప్పుడు అడవిలో అడుగుపెట్టాలంటే భయం. ఎర్రచందనం దొంగలకోసం వేట మొదలయ్యాక ఆ భయం రెట్టింపయింది. ‘స్థానికుల తోడు’ అని సులువుగా రాశారు. ఎవరైనా కాలు జారి పడితే కేసు ఆ తోడు వచ్చినవాడి మీదికి వస్తుందా, అనుమతి ఇచ్చినవాళ్ల మీదికి వస్తుందా? రోజుకు కూలి ఎంత ఇస్తారు?

కోనబాట:
న్యాయమైన ప్రశ్న. అనుమతి రుసుములో సగం వారికే చెందాలి, బాధ్యత మాత్రం అనుమతి ఇచ్చిన శాఖదే కావాలి.

శేషాద్రివాసి:
మడుగు కనిపించే మలుపు దగ్గరే అందరినీ ఆపి, నీళ్లలోకి ఎవరినీ దిగనివ్వకపోతే ఆలోచిస్తాను.

కోనబాట:
ఏడు కిలోమీటర్లు నడిచి వచ్చినవాణ్ని మలుపు దగ్గర ఆపుతారా? మీరు ముక్కోటినాడు అక్కడే ఆగుతారా?

శేషాద్రివాసి:
నేను ఆగను. నేను మునగడానికి వెళతాను.