అప్‌డేట్: కొత్తదని అమ్మిన పాత ఎస్‌ఎస్‌డీ డబ్బు వెనక్కి వచ్చింది

ఆన్‌లైన్‌లో కొన్న 1 టీబీ ఎస్‌ఎస్‌డీ (కంప్యూటర్‌లో ఫైళ్లు దాచే డ్రైవ్) వాడేసినదిలా ఉంది, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. డబ్బు మొత్తం తిరిగొచ్చింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

మీరు చెప్పినట్టే డ్రైవ్ పరిస్థితి చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూశాను. పవర్ ఆన్ అవర్స్ (డ్రైవ్ ఇప్పటిదాకా నడిచిన సమయం) దగ్గర వేలల్లో గంటలు! సీల్ తీయని కొత్త డ్రైవ్‌కి అక్కడ దాదాపు సున్నా ఉండాలి. సీరియల్ నంబర్‌ని తయారీ కంపెనీ వారంటీ పేజీలో కొడితే, వారంటీ ఎప్పుడో మొదలైపోయిందని తేలింది. అమ్మినవాడు మాత్రం "ఒకసారి ఫార్మాట్ చేయండి సార్, సరిపోతుంది" అంటూనే ఉన్నాడు. ఫార్మాట్ చేస్తే ఆ గంటలు పోవు. ఈ మాట నమ్మి ఊరుకున్నవాళ్లు ఎంతమందో అని నిజంగా బాధేసింది.

పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో, స్క్రీన్‌షాట్లు జతచేసి సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆ సంగతి మెయిల్‌లోనే రాశాను. జవాబు రాకపోయేసరికి 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఆ తర్వాతే రీఫండ్ కదిలింది.

గుంటూరులో మా బావమరిదికి ఇంకో రకం మోసం ఎదురైంది. సైట్‌లో ఆర్డర్ క్యాన్సిల్ చేసి, వాట్సాప్‌లో మాట్లాడుకుని యూపీఐలో డబ్బు పంపితే రేటు తగ్గిస్తామని అమ్మేవాళ్లు అన్నారట. వద్దని ఆపాను. అలా ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఆలస్యం చేయొద్దు.

కొత్త డ్రైవ్ విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర షాపులో జీఎస్టీ బిల్లుతో తీసుకున్నా. రేటు కాస్త ఎక్కువే, కానీ బిల్లు మీద సీరియల్ నంబర్ కూడా రాయించుకున్నాను.