మావారికి వినికిడి తగ్గింది, మా మధ్య మాటలూ తగ్గాయి

ప్రశ్న: అరవై దాటిన మావారు టీవీ శబ్దం పెంచుతూ, నేనే గొణుగుతున్నానని విసుక్కుంటున్నారు, మళ్ళీ అడగడానికి మొహమాటపడి వినకుండానే "సరే" అనేయడంతో తగాదాలు పెరుగుతున్నాయి. వినికిడి యంత్రం మాటెత్తితే ముసలితనం అంటగడుతున్నావంటారు. ఏం చేయాలి?

జవాబు 1: ఆయన అనేది అబద్ధం కాదండీ. వయసుతో వచ్చే లోపంలో సాధారణంగా ముందు కీచుగా ఉండే (హెచ్చు స్థాయి) ధ్వనులు వినిపించడం తగ్గుతుంది కనుక, స, ష, త వంటి హల్లులు జారిపోయి, గొంతు వినిపించినా మాట అర్థం కాదు. అరవకుండా, ముందు పిలిచి, ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పండి. వంటగదిలోంచి కేకేసి చెప్పడం మానేయండి.

జవాబు 2: ఒక్కోసారి గులిమి అడ్డుపడటమే కారణం కావచ్చు. ముందు ఈఎన్‌టీ వైద్యునికి చూపించి, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. మీరూ చేయించుకుంటే ఆయన బెట్టు సడలవచ్చు.

జవాబు 3: యంత్రం పెట్టుకున్న తొలి వారాల్లో గిన్నెల చప్పుడు కూడా భరించలేనట్టు తోస్తుంది, అందుకే చాలామంది దాన్ని సొరుగులో పడేస్తారు, పెట్టుకునే సమయాన్ని రోజూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ, అవసరమైతే ఆడియాలజిస్టుతో (వినికిడి నిపుణునితో) యంత్రాన్ని సరిచేయించండి.