ఏడేళ్ల బాబు, రోజూ స్వీట్లు, మెడ మీద నలుపు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బాబు 31 కిలోలున్నాడు. మా మామయ్య సాయంత్రం బజారు నుంచి రోజూ జిలేబీనో, కోవానో తెస్తారు. వద్దంటే "తినే వయసు, తిననీ" అంటారు. ఈమధ్య వాడి మెడ వెనక చర్మం నల్లగా, మందంగా అయింది. మురికి అనుకుని అత్తమ్మ శనగపిండితో రుద్దుతున్నారు, పోవడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (దేవరకొండ, నర్సు): అక్కా, ముందు ఆ రుద్దడం ఆపించండి. బరువెక్కిన పిల్లల్లో అలాంటి నలుపు చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. ఏడేళ్ల మగపిల్లల బరువు సగటున 23 కిలోలు. ఈ వారమే పిల్లల డాక్టరుకు చూపించండి, షుగర్ పరీక్ష అవసరమో కాదో ఆయన చెబుతారు. పిల్లలకు రోజుకు పైనుంచి కలిపే చక్కెర 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు దాటకూడదు. పావు లీటరు కూల్‌డ్రింక్‌తోనే అది అయిపోతుంది! అన్నం మాత్రం తగ్గించి కడుపు మాడ్చకండి, ఎదిగే పిల్లాడు.

జవాబు (నకిరేకల్): పళ్లు కూడా చూపించండి. మన నల్గొండ వైపు పంటి మీద ఏ మరక కనిపించినా నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే అనేస్తాం. గుంట పడితే అది పిప్పిపన్ను.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ. బెల్లం పల్లీపట్టీ అయితే పర్వాలేదా?

జవాబు (దేవరకొండ, నర్సు): బెల్లమూ చక్కెరే అక్కా. ఉత్త వేయించిన పల్లీలు గుప్పెడు, లేదంటే జామకాయ పెట్టండి. మామయ్యను కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, డాక్టరు నోటితో వింటే ఒప్పుకుంటారు.