చర్చ: 140 పేజీల సైటు, గూగుల్‌లో 19 మాత్రమే. మిగతావి ఎక్కడ ఆగుతున్నయ్?

కొత్తవాడ_జంపఖానా
వరంగల్ కొత్తవాడ జంపఖానాలు అమ్మే సైటు, వర్డ్‌ప్రెస్ మీద ఉంది. 28 డిజైన్లు, ఒక్కో డిజైన్‌కు ఐదు రంగులు, రంగుకో పేజీ. మొత్తం 140. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సైటు గూగుల్‌ల ఎట్లుందో చూపెట్టే పనిముట్టు) ఇండెక్స్ అయినవి, అంటే గూగుల్ తన జాబితాల పెట్టుకున్నవి, 19. మిగిలినవాటిల కొన్నిటికి ‘డిస్కవర్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని, ఎక్కువవాటికి ‘క్రాల్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని చూపెడుతుంది. సైట్‌మ్యాప్ (పేజీల చిరునామాల జాబితా ఫైలు) ఇచ్చినం, ఇండెక్స్ చేయుమని అడిగే ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ బటన్ నొక్కినం. ఇంకేం చేయాలె? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్
అన్నా, ఆ రెండూ వేరువేరు రోగాలు. డిస్కవర్డ్ అంటే పేజీ ఉన్నదని గూగుల్‌కు తెలిసింది, ఇంకా తెరిచి చూడలేదు. క్రాల్డ్ అంటే వచ్చింది, చదివింది, పెట్టుకోబుద్ధి కాక వదిలేసింది. మొదటిదానికి మందు లింకుల దగ్గర, సర్వర్ దగ్గర ఉంటది. రెండోదానికి పేజీలనే ఉంటది. క్రాల్డ్ అని ఉన్న పేజీకి రిక్వెస్ట్ ఇండెక్సింగ్ ఎన్నిసార్లు నొక్కినా, లోపల రాత మారకుంటే లాభం లేదు. ఆ బటన్‌కు రోజువారీ పరిమితి కూడా ఉంది, ఊకె వృథా చేయొద్దు.

మీ విషయంల కారణం మీరే రాసిండ్రు: రంగుకో పేజీ. ఒకే డిజైన్, ఒకే వాక్యం, ఫొటో ఒక్కటే మారుతుంది. అసొంటి ఐదు పేజీల్ల గూగుల్ ఒకటి ఉంచుకుంటే గొప్ప. డిజైన్‌కు ఒక్క పేజీ చేసి అందులనే ఐదు రంగులు పెట్టుండ్రి. 28 పేజీలైతయ్. ఒక్కోదాంట్ల కొలత ఎన్ని అడుగులు, నూలుదా ఉన్నిదా, బరువెంత, చేతితో ఉతకాల్నా మిషన్‌ల వేయొచ్చా, రంగు దిగుతదా, మగ్గం మీద నేయడానికి ఎన్ని రోజులు పడుతది, ఇవి రాయుండ్రి. కొనేటోడు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలన్నీ పేజీల ఉండాలె.

మానేరు_వెబ్
కరీంనగర్ నుంచి. పేజీలు కలిపే ముందు గేటు తెరిచి ఉందో లేదో చూడండి. సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పేజీ చిరునామా పెట్టి ‘టెస్ట్ లైవ్ యూఆర్ఎల్’ నొక్కండి. పాత ఫలితం మీద ఆధారపడొద్దు, అది ఎప్పటిదో అయి ఉంటుంది. చూడాల్సినవి:

వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద ‘డిస్కరేజ్ సెర్చ్ ఇంజిన్స్’ అనే టిక్ ఉంటుంది. సైటు తయారీలో ఉన్నప్పుడు పెట్టి, తెరిచాక తీయడం మరిచిపోయే టిక్ ఇది. 19 ఇండెక్స్ అయ్యాయంటే మీ దగ్గర ఇది ఉండకపోవచ్చు, కానీ ఏదైనా ఎస్ఈఓ (సెర్చ్ కోసం సైటును సరిచేసే) ప్లగిన్‌లో ఉత్పత్తుల పేజీలకు మాత్రమే నోఇండెక్స్ (ఇండెక్స్ చేయొద్దనే గుర్తు) పడి ఉండొచ్చు.

రోబోట్స్ ఫైలు (ఏ పేజీలకు రావొద్దో బాట్‌లకు చెప్పే ఫైలు) క్రాలింగ్‌ను, అంటే గూగుల్ వచ్చి చదవడాన్ని, ఆపుతుంది, ఇండెక్సింగ్‌ను కాదు. చాలామంది తడబడేది ఇక్కడే. ఒక పేజీని గూగుల్ నుంచి తీసేయాలని నోఇండెక్స్ పెట్టి, అదే పేజీని రోబోట్స్ ఫైల్లో డిస్‌అలౌ చేస్తారు. లోపలికి రానివ్వకపోతే నోఇండెక్స్ అని రాసిన సంగతి గూగుల్‌కు ఎలా తెలుస్తుంది? బయటి లింకు ఉంటే వివరణ లేకుండా ఖాళీ చిరునామాగా ఫలితాల్లో ఉండిపోతుంది. రోబోట్స్ ఫైల్లోనే నోఇండెక్స్ అని రాసే పాత పద్ధతిని గూగుల్ 2019 సెప్టెంబర్ 1 నుంచి పట్టించుకోవడం లేదు.

ఇంకోటి, సెర్చ్ కన్సోల్ సెట్టింగ్స్‌లో క్రాల్ స్టాట్స్ తెరిచి జవాబుల కోడ్‌లు చూడండి. 200 (సరిగ్గా తెరుచుకుంది) కాకుండా 403 (అనుమతి లేదు), 429 (మరీ ఎక్కువసార్లు అడిగారు), 503 (సర్వర్ అందుబాటులో లేదు) ఎంత శాతం ఉన్నాయో ఇక్కడ పెట్టండి.

కొత్తవాడ_జంపఖానా
చూసినం. 403లు బాగనే ఉన్నయ్. కానీ మా ఫోన్ల సైటు మంచిగనే తెరుచుకుంటుంది!

మానేరు_వెబ్
మీ ఫోన్ వరంగల్‌లో ఉంది. గూగుల్‌బాట్ (పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్) ఎక్కువగా అమెరికా ఐపీల (నెట్‌లో కంప్యూటర్ల నంబర్లు) నుంచి వస్తుంది. ‘మన గిరాకీ అంతా ఇక్కడిదే, విదేశీ ట్రాఫిక్ ఎందుకు’ అని ఫైర్‌వాల్‌లో ఒక్క భారతదేశాన్నే అనుమతించే హోస్టింగ్ వాళ్లు, సెక్యూరిటీ ప్లగిన్లు ఉన్నాయి. ఆ గోడ మీదే గూగుల్ కూడా తలకొట్టుకుంటుంది. దేశాలవారీ నిషేధం తీసేయండి. లేదా గూగుల్ ప్రకటించే ఐపీల జాబితాకు మినహాయింపు ఇవ్వండి. వచ్చినవాళ్లు తమ పేరు చెప్పుకునే యూజర్ ఏజెంట్‌లో ‘గూగుల్‌బాట్’ అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. సర్వర్ లాగ్‌లోని ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు వెతకడం) చూస్తే పేరు గూగుల్‌బాట్ డాట్ కామ్‌తో గానీ గూగుల్ డాట్ కామ్‌తో గానీ ముగియాలి. ఆ పేరును మళ్లీ వెతికితే అదే ఐపీ రావాలి. అప్పుడే అసలుది.

కొన్ని ప్లగిన్లు నిమిషానికి ఇన్ని పేజీలు దాటితే ఆపేస్తాయి. అందుకే కొన్ని 200, కొన్ని 403 వస్తుంటాయి.

అక్షరం_హన్మకొండ
తెలుగు సైట్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

మొదటిది, అను ఫాంట్లు (యూనికోడ్ కాని డీటీపీ తెలుగు అక్షరాలు). డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్‌లో చేయించిన బ్రోచర్ పీడీఎఫ్‌ను సైట్లో పెడతారు. కంటికి తెలుగే. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే గూగుల్‌కు అందేదీ ఆ గందరగోళమే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, అంకెలు ఒకసారి చదివి దిద్దాలి, అవే ఎక్కువగా చెడతాయి. పోస్టర్ జేపీజీ మీదే ధరలు, చిరునామా రాయించే అలవాటు కూడా ఇలాంటిదే. అక్షరాలు పేజీలో అక్షరాలుగా ఉండాలి. బొమ్మ వివరణ రాసే ఆల్ట్ గడిలో అది ఏమిటో ఒక్క వాక్యం రాస్తే చాలు.

రెండోది, పేజీ చిరునామాల్లో (యూఆర్ఎల్) తెలుగు. గూగుల్‌కు ఇబ్బంది లేదు, మనకే ఉంది. ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, చిరునామాలో పర్సంట్ గుర్తులతో తొమ్మిది అక్షరాలు అవుతుంది. ‘వరంగల్’లో సున్నా, పొల్లు కలిపి ఆరు గుర్తులు, అంటే 54 అక్షరాలు. వాట్సాప్‌లో పంపితే భయపడేంత పొడుగు. పైగా వర్డ్‌ప్రెస్ స్లగ్‌ను (చిరునామాలో పేజీ పేరు ఉండే ముక్క) 200 అక్షరాల దగ్గర కోసేస్తుంది. 22 గుర్తులు దాటిన తెలుగు శీర్షిక మధ్యలో తెగిపోతుంది, ఒకేలా మొదలయ్యే రెండు శీర్షికలుంటే రెండోదానికి చివర 2 అంకె తగులుతుంది. శీర్షిక తెలుగులో ఉంచండి, స్లగ్ మాత్రం చిన్నగా ఇంగ్లిష్ అక్షరాల్లో చేత్తో రాయండి. బ్లాగర్‌లో అయితే తెలుగు శీర్షికకు ‘బ్లాగ్-పోస్ట్’ అనే అర్థంలేని చిరునామా వస్తుంది. పబ్లిష్ చేయకముందే కస్టమ్ పర్మాలింక్ (మనమే రాసుకునే చిరునామా) ఇవ్వాలి.

మూడోది, ఊరి పేరు. వరంగల్ అర్బన్ జిల్లా 2021లో హనుమకొండ జిల్లా అయింది. జనం వెతికేది హన్మకొండ అనీ, హనుమకొండ అనీ, ఇంగ్లిష్‌లో ఇంకో నాలుగు రకాలుగానూ. అన్నీ వరసపెట్టి ఫుటర్లో కుక్కొద్దు, అది చెత్తగా కనిపిస్తుంది. శీర్షికలో ఒకటి, దుకాణం చిరునామాలో ఇంకొకటి సహజంగా వస్తే సరిపోతుంది. జంపఖానా అనే మాటను తెలుగులో వెతికేవాళ్లూ ఉంటారు, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లూ ఉంటారు. టైటిల్‌లో రెండు లిపులూ ఉండనివ్వండి.

తెలుగు, ఇంగ్లిష్ వేరువేరు పేజీలుంటే హెచ్‌రెఫ్‌లాంగ్ (ఈ పేజీకి ఇంకో భాషలో జత ఏదో చెప్పే గుర్తు) రెండువైపులా ఉండాలి. ఒకవైపే పెడితే గూగుల్ లెక్కలోకి తీసుకోదు.

ములుగు_రూట్
పైన చెప్పిన చిరునామా సంగతికి ఇంకో మాట. మేడారం జాతర పేజీలు పెట్టేటోళ్లు ప్రతిసారి కొత్త చిరునామా తీస్తరు, 2024 ఫిబ్రవరి జాతరకు ఒకటి, 2026 జనవరి జాతరకు ఒకటి. పాతదానికి వచ్చిన లింకులు, పేరు అంతా పాతదాంట్లనే ఉండిపోతది, కొత్తది సున్నా నుంచి మొదలైతది. చిరునామాల సంవత్సరం లేకుండా ఒక్కటే పేజీ ఉంచి, తేదీలు, బస్సుల వివరాలు మార్చుకుంట పోవాలె. సంవత్సరం టైటిల్‌ల రాస్తే చాలు.

బ్లాగర్ వాళ్లకు: సెర్చ్ కన్సోల్‌ల చివర ఎం=1 ఉన్న చిరునామాలు ‘పేజ్ విత్ రీడైరెక్ట్’ అని వస్తయ్. అది తప్పు గాదు, మొబైల్ చిరునామా అంతే.

భద్రకాళి_బండ్
వెయ్యి బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మనకు లింకులు) తక్కువ రేటుకు ఇస్తమని మెసేజ్‌లు వస్తున్నయ్. కొనొచ్చా? కీవర్డ్స్ ట్యాగ్ (పేజీ కోడ్‌ల వెతుకుడు మాటలు రాసేది) కూడా నింపాల్నా?

కాజీపేట_జంక్షన్
రెండూ వద్దు తమ్మీ. కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను లెక్కలకు తీసుకోనని గూగుల్ 2009లనే చెప్పింది. కొన్న లింకులు స్పామ్ కింద పోతయ్. సైట్ లోపలి లింకులే సరిగా పెట్టుకుంటలేరు, బయటివెందుకు? ఈ జంపఖానాల సైట్లనే చూడు, కింద ‘లోడ్ మోర్’ బటన్ ఉంటది, నొక్కితేనే మిగతా సరుకు వస్తది. గూగుల్ బటన్లు నొక్కది. హెచ్‌రెఫ్ (పోవాల్సిన చిరునామా) ఉన్న అసలైన లింకు ఉంటేనే దాని వెంబడి పోతది. రెండో పేజీ, మూడో పేజీ అని మామూలు లింకులు ఇయ్యి.

సైట్‌మ్యాప్‌ల ప్రయారిటీ (పేజీ ఎంత ముఖ్యం), చేంజ్‌ఫ్రీక్ (ఎన్నాళ్లకు మారుతది) విలువలు గూగుల్ చూడది. లాస్ట్‌మాడ్ (చివరిసారి మార్చిన తేదీ) చూస్తది, నిజమైనదైతేనే. రోజూ అన్ని పేజీలకు ఈరోజు తేదీ వేసే ప్లగిన్ ఉంటే దాన్ని నమ్ముడు మానేస్తది. ఫైలుకు పరిమితి 50,000 చిరునామాలు, 50 ఎంబీ. మనకు ఆ బెంగ లేదు.

మానేరు_వెబ్
వేగం గురించి రెండు ముక్కలు. ఫోన్లో తీసిన 4 ఎంబీ ఫొటోను అలాగే ఎక్కించొద్దు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లో పెట్టండి. పేజీ పైన కనిపించే మొదటి ఫొటోకు లేజీ లోడ్ (అక్కడిదాకా జరిపాకే ఫొటో తెచ్చే పద్ధతి) తీసేయండి, లేకపోతే ఎల్‌సీపీ (పేజీలో అన్నిటికంటే పెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం) దెబ్బతింటుంది. అది 2.5 సెకన్ల లోపు ఉండాలి. వేగం పెరిగినంత మాత్రాన ఇండెక్స్ కాని పేజీ ఇండెక్స్ అవదు, ఆ ఆశ పెట్టుకోకండి.

బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లోకి సెర్చ్ కన్సోల్ నుంచే సైటును దిగుమతి చేసుకోవచ్చు. ఇండెక్స్‌నౌ (పేజీ మారగానే సెర్చ్ ఇంజిన్‌కు తెలిపే పద్ధతి) బింగ్‌కు పనిచేస్తుంది, గూగుల్‌కు కాదు.

కొత్తవాడ_జంపఖానా
ఫైర్‌వాల్‌ల దేశాల నిషేధం ఉండె, తీసేయించినం. లైవ్ టెస్ట్ ఇప్పుడు పాస్ అయితుంది. ఇగ 140ని 28 చేసేటప్పుడు కొత్త చిరునామాలు తీయాల్నా? పాతవాటిని హోమ్ పేజీకి మళ్లిస్తే సరిపోతదా?

కాజీపేట_జంక్షన్
హోమ్ పేజీకి వద్దు. సంబంధం లేని పేజీకి మళ్లిస్తే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404 (పేజీ లేనట్టే) కింద లెక్కేస్తది. కొత్త చిరునామాలు కూడా వద్దు. ప్రతి డిజైన్‌ల ఐదు రంగుల్ల ఏదన్నా ఇప్పటికే ఇండెక్స్ అయి ఉంటే దాన్నే అసలు పేజీ చేయుండ్రి, చిరునామాల రంగు పేరున్నా పర్వాలేదు. ఒకే డిజైన్‌వి రెండు ఇండెక్స్ అయి ఉంటే పర్ఫార్మెన్స్ రిపోర్టుల క్లిక్‌లు ఎక్కువున్నది ఉంచుండ్రి. మిగతా 112ను దేని డిజైన్ పేజీకి దాన్ని 301తో (శాశ్వత మళ్లింపు) మళ్లించాలె. సైట్ లోపలి లింకులన్నీ నేరుగా అసలు పేజీకే మార్చుండ్రి, సైట్‌మ్యాప్‌ల ఆ 28 మాత్రమే ఉండాలె. 112ను రోబోట్స్ ఫైల్ల మాత్రం ఆపొద్దు, ఆపితే 301 గూగుల్‌కు కనబడది. ఆ మళ్లింపులు కనీసం ఏడాది ఉంచుండ్రి, హోస్టింగ్ మార్చినా సరే.