బోరు ఎండింది, ఈస్టర్ పాట ఎట్లా పాడేది?

ప్రశ్న: కళ్యాణదుర్గం దగ్గర మూడెకరాల చీనీ (బత్తాయి) తోట మాది. బోరు పోయి ఆకులు ముడుచుకున్నాయి. ఆదివారం తెల్లారుజామున సమాధుల దగ్గర ఆరాధన. 'లేచెను' అని పాడాలంటే గొంతు పెగలడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

జవాబు: అన్నా, బైబిల్లో యోహాను 20:15 చూడు. సమాధి దగ్గర మగ్దలేనే మరియ, లేచిన యేసును చూసి తోటమాలి అనుకుంది! వేరుశనగ పోయిన ఏడు నేను ఆ మాటే పట్టుకున్నా. కాయలు కోసేయి, చెట్టు బతకాలి. మొదళ్లలో శనక్కాయ పొట్టు నాలుగు వేళ్ల మందం పరచు, తేమ నిలుస్తుంది.

ఇంకొకరు: కొత్త బోరుకు మాత్రం అప్పు చేయొద్దు. మా నాన్న నాలుగు వేయించాడు, నాలుగూ దుమ్మే. వానల్లోపు ఫారం పాండ్ (వాన నీళ్లు నిలిపే పొలం కుంట) తవ్వించు.

అడిగినాయన: ఒక ట్రాక్టర్ లోడు పొట్టు దొరికింది. శనివారం రాత్రి నేనూ మా ఆవిడా పరిచాం, సగం చెట్లకే వచ్చింది. ఆరాధనకు ఆలస్యంగా పోయాం, చేతుల దుమ్ము కూడా కడుక్కోలేదు.